జనగామ పిల్ల పక్కకు ఎందుకు చూసింది

నేను చదివింది ఐదో తరగతి వరకే. అది కూడా పూర్తిగా కాదు, ఆఖరి పరీక్షలప్పుడు మిరపకాయలు ఏరడానికి పోయాను. ఇప్పటిదాకా నేను రాసింది ఏదైనా ఉందంటే అది మా చాయ్ బండికి వేలాడే పలక మీద "ఇయ్యాల మిర్చీలు లేవు" అన్న ముక్కే. అందుకే ముందుగానే చెప్తున్నాను. నా రాత వంకరగా ఉంటుంది. వత్తులు, దీర్ఘాలు ఎక్కడివి ఎక్కడ పెడుతున్నానో నాకే తెలియదు. కాలేజీ పిల్లలు వినలేదు. "అక్కా, ఆ బాటిల్ ముచ్చట నువ్వు చెప్తెనే మంచిగుంటది, రాయి" అని నోటు పుస్తకం, పెన్ను కూడా వాళ్ళే తెచ్చి ఇచ్చారు. తప్పులుంటే నవ్వుకోండి గాని కోప్పడకండి.

మాది దంతాలపల్లి దగ్గర ఒక తండా. తొర్రూరులో కాలేజీ గేటుకు ఎదురుగా మా చాయ్ బండి ఉంది. పొద్దున చాయ్, ఉప్మా. సాయంత్రం మిర్చీలు. నా బిడ్డ ఆ కాలేజీలోనే డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. బాస్కెట్‌బాల్ ఆడుతుంది.

ఆ ఆట నాకు తెలియదు. నాకు కబడ్డీ తెలుసు, వాలీబాల్ తెలుసు. ఇదేమో బంతిని నేలకు కొట్టుకుంటూ ఉరికి, పైన కట్టిన గంపలో వేయాలట. ఆ గంపకు అడుగు ఉండదు. వేసిన బంతి కింద పడిపోతుంది, అయినా లెక్కలోకి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు "అడుగు లేని గంపల ఏసుడెందుకే, మల్ల ఏరుకునుడెందుకే" అని అడిగాను. నా బిడ్డ రెండు రోజులు నవ్వింది.

ఆటలో నాది ఒక్కటే ఒక్క భాగం ఉంది. అది చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. నా బిడ్డ చిన్నగా ఉన్నప్పుడు దానికి కుడి ఎడమ తెలిసేది కాదు. చెప్పులు తారుమారుగా వేసుకునేది. అప్పుడు నేను నేర్పాను. మా ఇంటి భాషలో రొట్టెను బాటి అంటాం, నీళ్ళను పాణి అంటాం. రొట్టె తినే చేయి బాటి చేయి, చెంబు పట్టే చేయి పాణి చేయి. అంటే బాటి కుడి, పాణి ఎడమ. అది పెద్దదైంది గాని ఆ మాటలు పోలేదు. కాలేజీ టీములో వేరే తండా నుంచి వచ్చే స్నేహితురాలు ఒకామె ఉంది. ఇద్దరూ కలిసి ఆ మాటల్నే ఆటలోకి తెచ్చారు. "బాటి!" అని అరిస్తే కుడి పక్కకు పో. "పాణి!" అని అరిస్తే ఎడమ పక్కకు పో. ఎదుటివాళ్ళకు అర్థం కాదు. మా భాష రాని పిల్లలు కూడా నేర్చుకున్నారు.

ఇక జనగామ. వాళ్ళ కాలేజీకీ మా కాలేజీకీ ఆటలో అస్సలు పడదు. పోయిన సంవత్సరం వాళ్ళు మా పిల్లలను చిత్తుగా ఓడించారు. ఓడిస్తే ఓడించారు, మా బస్సు కదులుతుంటే గేటు దగ్గర వరుసగా నిలబడి టాటా చెప్పారు. ఆ టాటాను మా తొర్రూరు వాళ్ళు సంవత్సరం పాటు మనసులో పెట్టుకున్నారు.

ఈసారి కూడా జనగామలోనే ఆట. గెలిచినవాళ్ళు శుక్రవారం భూపాలపల్లిలో ఫైనల్ ఆడాలి. ఆ మంగళవారం నేను బండి మూసి పిల్లలతో పాటు బస్సెక్కాను. సిమెంటు మెట్ల మీద కూర్చున్నాను. ఎండ మండిపోతోంది. ఆట ఆఖరుకు వచ్చేసరికి మావాళ్ళు ఒక్క పాయింటు వెనక ఉన్నారు. బంతి నా బిడ్డ చేతిలో ఉంది. ఎదురుగా జనగామ టీములో అందరికంటే పొడుగు పిల్ల రెండు చేతులు చాచి నిలబడింది. అప్పటిదాకా ఆ పిల్లను దాటి ఎవరూ పోలేదు.

వెనక నుంచి స్నేహితురాలు "పాణి! పాణి!" అని అరిచింది.

ఆ పొడుగు పిల్ల ఒక్కసారి తల తిప్పి నీళ్ళ సీసాలు పెట్టిన పక్కకు చూసింది. అంతే. నా బిడ్డ ఎడమ పక్క నుంచి జారిపోయి బంతిని గంపలో వేసింది. ఈల మోగింది. మేం గెలిచాం.

మావాళ్ళంతా మైదానంలోకి ఉరికారు. నేను కూడా ఉరికాను. ఆ గోలలో పొడుగు పిల్ల ఒక నీలం రంగు సీసా పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. ఓడిపోయిన మొఖం, చెమట, అయినా సీసా చాపి నా బిడ్డతో ఒక మాట అంది. మా భాషలో అంది. "నీళ్ళు అడిగినవు గద, తాగు" అని.

ఆ పిల్ల కూడా తండా పిల్లే. ఆమెకు మా కుడి ఎడమల సంగతి తెలియదు. ఎండలో ఎవరో తన భాషలో నీళ్ళు నీళ్ళు అని మొత్తుకున్నారనుకుంది. అందుకే సీసాల వైపు చూసింది.

నా బిడ్డ మొఖం తెల్లబోయింది. సీసా తీసుకుంది గాని తాగలేదు. ఇంతలో వాళ్ళ సారు పిలిస్తే ఆ పిల్ల వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అందరూ పాటలు, చప్పట్లు. నా బిడ్డ ఒడిలో సీసా పెట్టుకుని కిటికీ బయటకు చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పకముందే అంది, "యాడీ, నేను భూపాలపల్లి పోను." యాడి అంటే మా భాషలో అమ్మ. ఇంట్లో మేం మా భాషలోనే మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఎందుకు పోవు?"

"ఆమె ఆట ఇడిసిపెట్టి నాకు నీళ్ళ కోసం చూసింది. నేను గదే సందు చూసుకొని ఆమెను దాటి పోయిన. గది గెలుసుడా?"

"నువ్వు కావాలని చేసినవా?"

"చెయ్యలే. కని ఆమె నీళ్ళు తెచ్చింది గద యాడీ. ఓడిపోయి కూడ తెచ్చింది."

నాకు భయం వేసింది. టీములో ఉన్నదే ఆరుగురు. అందులో ఒకామెకు జనగామలో కాలు మడత పడింది. నా బిడ్డ పోకపోతే నలుగురే మిగులుతారు. నలుగురితో ఆట మొదలుపెట్టనివ్వరట. అంటే సంవత్సరం పాటు తొర్రూరంతా చూసిన ఎదురుచూపు మా ఇంట్లో ఆగిపోతుంది. ఈ సంగతి నాకు, నా బిడ్డకు తప్ప ఎవరికీ తెలియదు.

తెల్లారి బండి తెరిచేసరికే మా కాలేజీ అభిమానులు వచ్చి కూర్చున్నారు. ముగ్గురే గాని ముప్పై మంది పెట్టు, జనగామకు కూడా మాతోనే వచ్చారు. ఒకరు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. నేను బాపు అంటాను. ఇంకొకరు మా పక్క దుకాణం టైలరు, పిల్లల జెర్సీల మీద నంబర్లు కుట్టింది అతనే. మూడోది కాలేజీలో చదివే పిల్ల, ప్రతి ఆటకు లెక్కలు రాసుకుంటుంది. నా బిడ్డ బండి వెనక కూర్చుని మిర్చీలకు ఉల్లిగడ్డలు కోస్తోంది.

బాపు నా గ్లాసులు పది తీసుకుని బల్ల మీద పేర్చాడు. చాయ్ ఉన్న ఐదు గ్లాసులు మనవాళ్ళు. ఖాళీవి ఐదు జనగామవాళ్ళు. చక్కెర డబ్బా గంప.

"సూడుండ్రి, గిది మన బిడ్డ," అని ఒక చాయ్ గ్లాసును ముందుకు జరిపాడు. "గీమెకు ఎనక గీ స్నేహితురాలు. గిప్పుడు ఏమైందంటే..."

"ఏమైతది బాపు, చాయ్ సల్లారుతది. నా బిడ్డను జర జల్ది తాగుండ్రి," అన్నాను.

"నువ్వు ఊకో బిడ్డ, గిది పెద్ద ముచ్చట."

టైలరు వినుకుంటూ వినుకుంటూ చేయి చాపి ఒక గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు.

"అరె! మన పిల్లనే తాగినవేందిరా!" బాపు నెత్తి కొట్టుకున్నాడు.

"నాకేం తెల్సు, అంచు కాడ నిలబడ్డది, సబ్‌స్టిట్యూట్ అనుకున్న."

నేను ఇంకో చాయ్ పోసి ఆ పిల్లను మళ్ళీ బతికించాను. ఇంతలో గిరాకీలు వచ్చి "అక్కా, గ్లాసులేవీ" అని అడుగుతున్నారు. "గ్లాసులు జనగామల ఉన్నయి, ఆట అయినంక వస్తయి" అని చెప్పాను.

టైలరు లెక్క వేరు. "గెలుపు జెర్సీల ఉన్నది. పోయినేడు చంకల కాడ గట్టిగుండె. ఈసారి నేను రెండించులు ఇడిసిన. చెయ్యి మంచిగ లేస్తది. గందుకే గంపల వడ్డది."

"జనగామోళ్ళు నీ జెర్సీకి ఓడిపోయిండ్రా?"

"మరి? నీ గ్లాసులకు ఓడిపోయిండ్రా?"

లెక్కల పిల్ల పుస్తకం తిప్పి, "తాతా, మనోళ్ళు రెండో సగంల మూడుసార్లు ట్రావెలింగ్ చేసిండ్రు. అది లేకుంటే ఇంక ముందే గెలుస్తుంటిమి" అంది. బంతిని నేలకు కొట్టకుండా అడుగులు వేస్తే ట్రావెలింగ్ అంటారట, తప్పు కిందికి వస్తుంది. బాపుకు మాత్రం కోపం వచ్చింది.

"ట్రావెలింగ్ గురించి నాకు చెప్తవా బిడ్డా? ముప్పై ఏండ్లు చేసిన. ట్రావెలింగ్ల తప్పేంది?"

అందరం నవ్వాం. బండి వెనక నుంచి మాత్రం నవ్వు వినపడలేదు. కత్తిపీట చప్పుడే.

అప్పుడు వాళ్ళు అసలు చోటికి వచ్చారు. బాపు గొంతు తగ్గించాడు. "గిదంతా ఒక ఎత్తు. నాకు రాత్రంత సమజు కానిది ఒక్కటే. ఆ పొడుగు పిల్ల ఆఖర్ల పక్కకు ఎందుకు సూసింది? ఆట మొత్తం కన్ను తిప్పలే. గప్పుడే ఎందుకు తిప్పింది?"

"ఎండ కంట్ల కొట్టింది," అన్నాడు టైలరు.

"ఎండ అవుతలి దిక్కున్నది. గడియారం సూసి ఉంటది."

"గడియారం కాదు తాతా, వాళ్ళ సారు ఏమన్న సైగ చేసిండేమో," అంది లెక్కల పిల్ల.

"ఆగుండ్రి, పెట్టి సూస్తే తెలుస్తది. పొడుగు పిల్లకు గ్లాసు సరిపోదు," అంటూ టైలరు అటూ ఇటూ చూసి, బండి అరలో నా బిడ్డ పెట్టిన నీలం సీసాను తీసి బల్ల మీద నిలబెట్టాడు. "గిది జనగామ పిల్ల."

నా నోట్లోంచి నాకు తెలియకుండానే వచ్చేసింది. "దాన్ని ముట్టకు తమ్మీ! గది నిజంగనే జనగామ పిల్లది."

ముగ్గురూ నా మొఖం చూశారు. ఇక దాచలేకపోయాను. బాటి అంటే ఏంది, పాణి అంటే ఏంది, ఆ పిల్ల ఏమనుకుంది, సీసా ఎందుకు తెచ్చింది, అన్నీ చెప్పాను. నా బిడ్డ శుక్రవారం పోనంటోందని కూడా చెప్పాను. కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

టైలరు మెల్లగా సీసాను తిరిగి అరలో పెట్టాడు. "అయితె నా జెర్సీ కాదా?" అన్నాడు. పాపం, నిజంగానే బాధపడ్డాడు.

లెక్కల పిల్ల, "రూల్స్‌ల తప్పేం లేదు. ఏ భాషల పిలుసుకున్నా పిలుసుకోవచ్చు" అంది.

"రూల్ సంగతి నేను అడుగుతలేను," అంది నా బిడ్డ. లేచి వచ్చి బండి పక్కన నిలబడింది. ఉల్లిగడ్డల వల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిగడ్డల వల్లే అని నేను అనుకున్నాను.

బాపు గ్లాసులను పక్కకు జరిపాడు. తర్వాత, "కూసో బిడ్డ. నీకొకటి చెప్త" అన్నాడు.

"నేను డ్యూటీ చేసేటప్పుడు పెద్దవంగర కాడ ఒక అవ్వ గంప దించనీకి బస్సు దిగిన. లోపల ఒకాయన ఫోన్ల ఎవలితోనో మాట్లాడుకుంట 'రైట్, రైట్' అన్నడు. రైట్ రైట్ అంటే మా డ్రైవర్‌కు ఏంది? బండి తియ్యమని. తీసిండు. నేను రోడ్డు మీద. బస్సు పోయింది!"

టైలరు నోట్లో చాయ్ పొలమారింది.

"నవ్వకురా. ఎవలిదో బండి ఎక్కి ఎంబడి వడ్డ. దొరకవట్టిన. గిప్పుడు చెప్పు బిడ్డ, ఆ ఫోనాయన దొంగనా?"

"కాదు," అంది నా బిడ్డ.

"మా డ్రైవర్ మంచోడు కాదా?"

"మంచోడే. పిలిస్తే తీసిండు."

"మరి నేను సెమటలు కార్సుకుంట ఎక్కంగనే ఆ ఫోనాయన ఏం చేసిండు? లేసి సీటిచ్చిండు. కండక్టర్‌కు సీటెందుకు? అయినా ఇచ్చిండు. 'నా మాటకే నువ్వు తిప్పలవడ్డవు పెద్దన్నా' అన్నడు. గంతే. ఆయన బస్సెక్కుడు బందు పెట్టలే. సీటిచ్చిండు."

నా బిడ్డ అరలోంచి సీసా తీసి మూత విప్పింది. లోపల జనగామ నీళ్ళు అట్లాగే ఉన్నాయి. నిలబడి మొత్తం తాగింది. సీసా కడిగి బోర్లించింది. "శుక్రవారం జనగామోళ్ళ టీం కూడ వస్తది. మూడో స్థానం ఆట ఉన్నది," అని మళ్ళీ ఉల్లిగడ్డల దగ్గరికి పోయింది.

బాపు గ్లాసులన్నీ నా వైపు తోశాడు. "జనగామోళ్ళను కడిగెయ్యి బిడ్డ," అన్నాడు.

శుక్రవారం చీకటి విచ్చకముందే లేచి పెరుగు చిలికి సల్ల చేశాను. ఉప్పు, కొంచెం అల్లం వేసి నీలం సీసా నింపాను. భూపాలపల్లి చేరేసరికి జనగామవాళ్ళ ఆట అయిపోయింది, వాళ్ళు గెలిచి మూడో స్థానం తెచ్చుకున్నారు. పొడుగు పిల్ల తువ్వాల మెడకు చుట్టుకుని మెట్ల మీద కూర్చుంది. నా బిడ్డ తిన్నగా ఆమె దగ్గరికి పోయి సీసా చేతికిచ్చింది. నేను వెనకే ఉన్నాను.

"నేను గప్పుడు నీళ్ళు అడగలే," అంది నా బిడ్డ. "పాణి అంటే మా ఆటల ఎడమ."

ఆ పిల్ల పకపకా నవ్వింది. "ఎడమనా! మా యాడి రెండు రోజుల సంది తిడుతాంది నన్ను. 'ఆటల ఎవలన్న నీళ్ళడుగుతరానే, నీకు మెదడున్నదా' అని. నేనేమో, లే యాడీ, నా చెవులతోని ఇన్న అంటున్న!"

"నాకు రెండు రోజుల సంది అన్నం పోతలేదు."

"నాకు మంచిగనే పోతాంది," అంటూ సీసా మూత తీసి వాసన చూసింది. "సల్ల! రోజూ ఓడిపోత పో నీకు."

ఇద్దరూ భుజాలు రాసుకుంటూ నవ్వుతుంటే నా గుండెల మీది బరువు దిగింది. ఫైనల్ మొదలైనప్పుడు ఆ పిల్ల వచ్చి మా మధ్యే కూర్చుంది, నాకూ బాపుకూ నడుమ. జనగామ పిల్ల తొర్రూరు వాళ్ళలో కూర్చుని తొర్రూరుకు చప్పట్లు కొట్టడం మా టైలరుకు ఎంత నచ్చిందంటే, వచ్చే సంవత్సరం ఆమె జెర్సీకి కూడా చంకల్లో రెండించులు వదులుతానన్నాడు.

ఫైనల్లో మావాళ్ళకు ఎదురు మహబూబాబాద్ టీము. బాగా ఆడారు వాళ్ళు. మావాళ్ళూ బాగానే ఆడారు. ఆఖరి నిమిషంలో ఇద్దరివీ సమానం. బంతి మళ్ళీ నా బిడ్డ చేతికే వచ్చింది. ఈసారి నేను ఆటను సరిగ్గా చూస్తున్నాను. ఎడమ పక్క ఎవరూ లేరు. ఇంత సందు. బస్సు పట్టేంత సందు! కూర్చోలేకపోయాను. బాపుతో సహా మావాళ్ళంతా లేచి ఎవరి అరుపు వాళ్ళు అరుస్తున్నారు, పక్కవాళ్ళ మాట వినేవాళ్ళు లేరు. నేనూ లేచి నిలబడి గొంతు చించుకుని అరిచాను.

"పాణీ! పాణీ!"

నా బిడ్డ టక్కున ఆగింది. తల తిప్పి నా వైపు చూసింది. కంగారుగా చూసింది. ఆ ఒక్క చూపులో మహబూబాబాద్ పిల్ల బంతి గుంజుకుని పోయి గంపలో వేసింది. ఆట అయిపోయింది.

స్నేహితురాలు అరిస్తే పాణి అంటే ఎడమ. కన్నతల్లి అరిస్తే పాణి అంటే నీళ్ళే. ఎండలో యాడికి కళ్ళు తిరుగుతున్నాయనుకుంది నా బిడ్డ.

పక్కనున్న జనగామ పిల్ల మాత్రం సంగతి కనిపెట్టేసింది. కడుపు పట్టుకుని నవ్వుతూ, సీసాలో మిగిలిన సల్ల నా చేతిలో పెట్టి, మా భాషలో అంది, "నీళ్ళు అడిగినవు గద, తాగు." నా బిడ్డ దగ్గరికి వచ్చి నన్ను చూసింది, ఆ పిల్లను చూసింది, తనూ నవ్వింది. ఓడిపోయినవాళ్ళు అట్లా నవ్వడం భూపాలపల్లివాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు. మా ముగ్గురి మధ్య ఒప్పందం అయిపోయింది, ఎవరికీ చెప్పొద్దని.

తెల్లారి మళ్ళీ నా పది గ్లాసులు బల్లెక్కాయి. "అంతా సమజైంది," అన్నాడు బాపు, "కని మన బిడ్డ ఆఖర్ల పక్కకు ఎందుకు సూసింది?" టైలరు ఎండ అన్నాడు. లెక్కల పిల్ల గడియారం అంది. నేను ఉప్మా కలుపుతూ కూర్చున్నాను. బండి వెనక కత్తిపీట చప్పుడుతో పాటు నవ్వు కూడా వినపడుతోంది.

ఇప్పటికీ వాళ్ళకు తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. బాపూ, తమ్మీ, లెక్కల బిడ్డా, ఆ రోజు అరిచింది నేనే. ఈ రాతలో కుడి పక్క ఉండాల్సిన వత్తు ఎడమకు పోయినా, ఎక్కడైనా అక్షరం తప్పినా చదివే పెద్దలు పెద్దమనసుతో నన్ను క్షమించండి. వాటితో పాటు భూపాలపల్లిలో చేసిన ఆ తప్పును కూడా కలిపి క్షమించండి. చాయ్ తాగడానికి వస్తే మాత్రం ఫైనల్ ముచ్చట తీయకండి, గ్లాసులు తక్కువ ఉన్నాయి.